కబ్ద్‌కు తరలిన నాటకం పెట్టెలు

కువైట్‌లో ఏం పని చేసేవాడివని అడిగిన వాళ్ళకు "సర్కారు దర్జీని" అని చెప్తాను. వెంటనే వాళ్ళ ముఖాలు వెలుగుతాయి. షేకులకూ మంత్రులకూ కుట్టాననుకుంటారు. ఆ ముచ్చట నేనెందుకు చెడగొట్టాలని కాసేపు అట్లాగే ఉండనిస్తాను. తర్వాత నెమ్మదిగా అసలు సంగతి చెప్తాను. నేను కుట్టింది చేపలకు, ఒంటెలకు, చందమామకు. ఒక ఏడాది వానకు కూడా కుట్టాను. వాన వేషం వేసిన పిల్ల స్టేజీ మీద జారిపడి ఏడ్చింది గానీ, వేషం మాత్రం ఎక్కడా పిగలలేదు.

ప్రభుత్వ బడుల్లో పిల్లలు వేసే నాటకాలకు బట్టలు కుట్టే వర్క్‌షాపు రిగ్గైలో ఉండేది. ఏ బడిలో వార్షికోత్సవం జరిగినా వేషాలు మా దగ్గర నుంచే పోయేవి. నాటకం కాగానే మళ్ళీ మా బీరువాల్లోకే వచ్చేవి. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం అక్కడి మిషను ముందే గడిచింది. నడుం నొప్పి తప్ప ఇంకే ఫిర్యాదూ లేదు. ఇప్పుడు రాయచోటిలో కూర్చుని ఇది రాస్తుంటే, మా మనవరాలు "తాతా, నువ్వు యుద్ధంలో ఉన్నావు కదా, అది రాయి" అంటోంది. సరే, అదే రాస్తాను. కానీ మా యుద్ధంలో ట్యాంకుల కంటే గౌన్లు ఎక్కువని ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

ముందు నేను చేరిన రోజు సంగతి. అంతకు ముందు ఒక చిన్న షాపులో దిష్‌దాషాలు, అంటే అక్కడి మగవాళ్ళు తొడుక్కునే పొడుగు చొక్కాలు, కుట్టేవాణ్ణి. షాపు బతుకు కాబట్టి జానెడు గుడ్డ మిగిలినా దాచుకోవడం అలవాటు. ఇక్కడ చూస్తే గది నిండా వెల్వెట్ తాన్లు, పట్టు తాన్లు, డబ్బాల నిండా తళుకులు. మా ఊరి బళ్ళో నాటకం వేస్తే రాజు తలపాగా పంతులుగారి తువ్వాలు, రాణి చీర పంతులుగారి భార్యది. ఆ చీరకు మసి అంటిందని ఆవిడ పెట్టిన శాపనార్థాలు నాటకం కంటే రక్తి కట్టేవి. అట్లాంటి బడి నుంచి వచ్చినవాణ్ణి, "ఇదంతా పిల్లలకేనా?" అని నోరు జారి అడిగేశాను.

ఆ మాట మా పెద్దావిడ చెవిన పడింది. ఆమెది జహ్రా అనే ఊరు. పూర్వం బడిలో పాఠాలు చెప్పిందట, అందుకని చిన్నాపెద్దా అందరూ ఆమెను అబ్లా అనేవాళ్ళు. అక్కడ పిల్లలు టీచరమ్మను పిలిచే మాట అది. మనిషి పొడుగు, గొంతు అంతకంటే పొడుగు.

"మా తాత ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. ముత్యాల కాలం పోయింది. ఇప్పుడు భూమిలో నూనె ఉంది, అదీ ఒకరోజు అయిపోతుంది. మాది చిన్న దేశం. చివరికి మాకు మిగిలేది ఈ పిల్లలే. సర్కారు వాళ్ళ మీద కాక ఇంకెవరి మీద ఖర్చు పెట్టాలి?" అంది.

నాకప్పటికి వచ్చిన అరబ్బీ చొక్కా చేతుల పొడుగు అడగడానికి సరిపోయేది, ఇట్లాంటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి కాదు. తల ఊపి మిషను ముందు కూర్చున్నాను.

పిల్లల విషయంలో అంత ధారాళంగా ఉండే మనిషి మా విషయానికి వచ్చేసరికి మహా గట్టి. ఆఫీసు టీ పొడి తాను ముట్టేది కాదు, ఫ్లాస్కు ఇంటి నుంచి తెచ్చుకునేది. మా వ్యాను డ్రైవరు రాయచోటి సాయిబు. నన్ను అన్నా అనేవాడు, నేను అతణ్ణి భాయ్ అనేవాణ్ణి. రిగ్గైలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఒకసారి వాళ్ళ బావమరిది ఇంటికి పోతుంటే వ్యానులో విమానాశ్రయం దాకా దింపి వస్తానని భాయ్ అడిగాడు. అబ్లా ససేమిరా అంది. వ్యాను పిల్లల వేషాలు మోయడానికి, బావమరుదుల్ని మోయడానికి కాదంది. తర్వాత తన సొంత కారు తాళం చేతులు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఈయమ్మ ఏం మనిషన్నా! డొక్కు వ్యాను ఇయ్యనంటాది, కొత్త కారు ఇచ్చాది" అని భాయ్ ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

మా నాలుగో మనిషి కటింగ్ మాస్టరు, ఈజిప్టు ఆయన. ఆయన్ని మిస్రీ మాస్టరు అనేవాళ్ళం. కత్తెర పట్టుకుంటే దేవుడు, నోరు తెరిస్తే రాక్షసుడు. అబ్లాతో రోజుకో పేచీ పెట్టుకోకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. ఆ పేచీలన్నింటిలోకి పెద్దది యుద్ధానికి ముందు శీతాకాలంలో జరిగింది.

చాలా బడుల్లో పెద్ద తరగతుల మగపిల్లలు వేసే నాటకం అది. ఒక సైనికుడు సముద్రం ఒడ్డున కాపలా కాస్తూ తన తాతను తలుచుకుంటాడు. తలుచుకుంటూనే, చూసేవాళ్ళ కళ్ళ ముందే, ముత్యాల కోసం మునిగే తాతగా మారిపోవాలి. తెర వెనక్కి వెళ్ళకూడదు, దీపాలు ఆర్పకూడదు. "దానికి దర్జీలెందుకు, మంత్రగాణ్ణి తెచ్చుకో" అన్నాడు మిస్రీ మాస్టరు. "జీతం మంత్రగాడికి కాదు, నీకు ఇస్తున్నారు" అంది అబ్లా. నేను ఇద్దరి మధ్యా టేపు మెళ్ళో వేసుకుని నిలబడ్డాను.

చివరికి ఒక ఉపాయం దొరికింది. కోటు, ప్యాంటు కలిపి ఒకే బట్టగా కుట్టి, వీపు పొడుగునా చీల్చి, టిచ్ బటన్లతో మూశాము. లోపల ఒక తాడు. తాడు లాగితే బటన్లన్నీ పటపట ఊడి, వేషం మొత్తం కాళ్ళ దగ్గర కుప్పగా పడుతుంది. మొదటి కోటుకు తాడును కుడి భుజం మీదుగా పోనిచ్చాము. రిహార్సల్లో ఆ అబ్బాయి హెడ్మాస్టరుకు ఠీవిగా సెల్యూట్ కొట్టాడు. చెయ్యి లేవగానే కోటూ ప్యాంటూ కింద పడ్డాయి. హెడ్మాస్టరు ముందు గోచీతో నిలబడ్డాడు పాపం. దాంతో మిగిలిన కోట్లకు తాడును నడుం దగ్గరికి మార్చాము. ఆ మొదటి దాన్ని పారేద్దామంటే అబ్లా వినలేదు, అది కూడా బీరువాలోకే చేరింది.

ఇంకో మాట. బట్ట విషయంలో అబ్లా రాజీ పడలేదు. అసలు సైన్యం వాడే గుడ్డే కావాలంది, ఇత్తడి బొత్తాలే కావాలంది. పై నుంచి అన్నీ మంజూరయ్యాయి. అందువల్ల ముందు నుంచి చూస్తే ఆ కోట్లు అచ్చం కువైట్ సైనికుల కోట్లే. తర్వాత మా ప్రాణం మీదికి వచ్చింది అందుకే.

ఆ ఆగస్టులో బడులకు సెలవులు. పొద్దున్నే రొట్టెలు తెస్తానని పోయిన భాయ్ ఉత్త చేతులతో పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, రోడ్డు మీద ట్యాంకులు బోతాండాయి. ఈళ్ళవి గాదు!"

"ఎవురివి మరి?"

"ఇరాకోళ్ళవంట. నాకేం దెలుసు, నేను ఆపి అడిగినానా?"

రెండు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాం. సర్దుకోలేదు. మిస్రీ మాస్టరు నలుగురితో కలిసి కారులో బయల్దేరిపోయాడు. పోయే ముందు కత్తెరను ముద్దు పెట్టుకుని సంచిలో వేసుకున్నాడు. మన వాళ్ళు కూడా జోర్డాన్ దారి పట్టారు. మేమూ పోయేవాళ్ళమే. కానీ మా పాస్‌పోర్టులు ఆఫీసు ఇనప్పెట్టెలో ఉన్నాయి, ఇనప్పెట్టె తాళం జేబులో వేసుకుని మా పాస్‌పోర్టులు చూసే కువైట్ ఆఫీసరు సౌదీకి దాటిపోయాడు. అట్లా దేశభక్తితో కాదు, తాళం లేక ఆగిపోయాం. ఇంటి దగ్గర నా భార్య, అప్పటికి ఆరేళ్ళ కూతురు. ఉత్తరాలు పోవు, ఫోన్లు కలవవు. నేను బతికున్నానో లేదో వాళ్ళకు తెలియదన్న దిగులు నన్ను నిలవనిచ్చేది కాదు.

కొన్ని వారాలకు సైనికులు బడుల్లో దిగారు. బల్లలు వంటచెరుకయ్యాయి. కంప్యూటర్లు, ఫ్యాన్లు లారీలెక్కి పోయాయి. ఒక బడి స్టేజీకి మేము కుట్టిన ఎర్ర వెల్వెట్ తెరను లారీ సామాన్ల మీద కప్పి తీసుకుపోతుంటే భాయ్ నేనూ కళ్ళారా చూశాం. ఎన్ని రోజులు కుట్టానో దాన్ని! నాకు ఏడుపొచ్చింది. అంత పెద్ద యుద్ధంలో తెర కోసం ఏడ్చానంటే ఇప్పుడు నవ్వుతారు, నవ్వండి.

చలి మొదలవుతుండగా ఒకరోజు పొద్దున అబ్లా మా గదికే వచ్చింది. ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయాలో మనిషి సగమైనట్టు కనబడింది. గొంతు మాత్రం తగ్గలేదు.

"ఇక మన వర్క్‌షాపు వంతే. వేషాలన్నీ కబ్ద్ తీసుకుపోదాం. మా చిన్నాన్నకు అక్కడ మేకల దొడ్డి ఉంది. యల్లా, లేవండి."

కబ్ద్ అంటే ఊరి బయట ఎడారి. దొడ్లు, తోటలు తప్ప ఏమీ ఉండవు. భాయ్ వ్యాను చక్రాలు ఊడదీసి మా మంచాల కింద దాచి పెట్టాడు కాబట్టి అది ఎవరూ ఎత్తుకుపోలేదు. చక్రాలు బిగించి, రేకుల పెట్టెల్లో వేషాలు సర్దడం మొదలుపెట్టాం. సైనికుల కోట్లు చేతికి రాగానే భాయ్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎవరి ఇంట్లోనైనా కువైట్ యూనిఫాం దొరికితే సైనికుల్ని దాచారని పట్టుకుపోతున్నారు. అట్లా పోయినవాళ్ళు తిరిగి రావడం లేదు.

"ఈటిని కాల్చేద్దామని చెప్పన్నా ఆయమ్మకు. దొర్కితే ఆయమ్మనే గదా పట్టకపోయేది" అన్నాడు భాయ్.

నేను చెప్పాను. అబ్లా కోటు చేతిలోకి తీసుకుని మడత సరిచేసింది.

"ఇవి సైనికుల బట్టలు కావు, పిల్లల బట్టలు. పిల్లల బట్టలు నేను కాల్చను" అని పెట్టె అడుగున పెట్టేసింది. వాటి మీద గౌన్లు, వాటి మీద రాజుల అంగీలు పేర్చాం. నా సొంత సంచి కూడా వ్యానులో వేసుకున్నాను. అందులో నా బట్టలు, మా పాప కోసం కుట్టి ఉంచిన పసుపుపచ్చ గౌను ఒకటి. సెలవుకు పోయేటప్పుడు తీసుకుపోదామని ఎప్పుడో సిద్ధం చేసుకున్నది. ఛాతీ మీద సన్నని కుచ్చులు పెట్టి, ఆ కుచ్చుల మీద చేత్తో పువ్వులు కుట్టాను. గొప్ప చెప్పుకోవడం కాదుగానీ నా చేతి నుంచి వచ్చిన వాటిలో అదే మంచిది.

పగలు పోతేనే అనుమానం రాదని పొద్దున్నే బయల్దేరాం. భాయ్ డ్రైవింగ్, పక్కన అబ్లా, వెనక పెట్టెల మధ్య నేను. ఎడారి దారి మొదలయ్యే చోట ఇసుక బస్తాలు, అడ్డంగా ఒక డ్రమ్ము, నలుగురైదుగురు సైనికులు. ఆపారు.

ఒక కుర్ర సైనికుడు వెనక తలుపు తీసి పెట్టె తెరిచాడు. రాజు కిరీటం దొరికింది. నెత్తిన పెట్టుకుని మిగతా వాళ్ళకు చూపించాడు, అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అక్కడితో వదిలేస్తారనుకున్నాను. వాడు గౌన్లు ఒక్కొక్కటే పక్కకు నెట్టుకుంటూ అడుగు దాకా పోయాడు. చేతికి ఇత్తడి బొత్తాలు తగిలాయి. కోటు పైకి తీశాడు. ఇత్తడి బొత్తాలు ఎండకు మెరిశాయి. వాడి నవ్వు పోయింది.

కేక వేస్తే వాళ్ళ ఆఫీసరు వచ్చాడు. నడివయసు దాటిన మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారంతో కట్టుకున్నాడు. కోటు పట్టుకుని అబ్లా వైపు తిరిగాడు.

"ఇది ఎవరిది?"

"బడి నాటకానిది."

"పెద్దవాళ్ళ కొలత ఇది."

"పెద్ద తరగతి పిల్లలు. మా వాళ్ళు పొడుగు."

"ఎడారిలో ఎవరి కోసం తీసుకుపోతున్నావు? ఎవరున్నారు అక్కడ?"

"మేకలు."

పక్కనున్న సైనికుడు కిసుక్కున నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. అబ్లాను వ్యాను దిగమన్నాడు. ఆమె దిగి నిలబడింది. ఇద్దరు సైనికులు ఆమెకు చెరో పక్క వచ్చారు. భాయ్ స్టీరింగు పట్టుకుని పెదాల్లోనే ఏదో చదువుకుంటున్నాడు. అయిపోయింది, ఈమెను తీసుకుపోతారు అనుకున్నాను. 

"వేషం అని చెప్తున్నాను కదా. నమ్మకపోతే చూడు. మా దర్జీ తొడుక్కుంటాడు" అని అబ్లా నా వైపు చూసింది. "దిగు, తొడుక్కో."

దిగాను. నా చొక్కా ప్యాంటు మీదే వేషం ఎక్కించుకున్నాను. వీపు బటన్లు భాయ్ వచ్చి నొక్కాడు. పొడుగు పిల్లలకు కుట్టింది కదా, చేతులు నా వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. ఆఫీసరు చూస్తున్నాడు. తాడు లాగడానికి నడుం దగ్గర తడిమాను. తాడు లేదు. ఇటు తడిమాను, అటు తడిమాను. లేదు.  నేను బట్టల్లో ఏదో దాచాననుకున్నాడేమో, ఆఫీసరు చెయ్యి తుపాకి మీదికి పోయింది.

"సెల్యూట్!" అని ఒక్క అరుపు అరిచింది అబ్లా.

రిహార్సల్లో ఆ గొంతు వినీ వినీ ఉన్నవాణ్ణి. ఆలోచించకుండానే చెయ్యి లేచింది. వీపు మీద బటన్లు పటపట ఊడాయి. కోటూ ప్యాంటూ ఒక్కసారిగా జారి నా కాళ్ళ దగ్గర పడ్డాయి. కువైట్ సైనికుడు మాయమై, మెళ్ళో టేపుతో రాయచోటి దర్జీ మిగిలాడు. మేము రిహార్సల్ తర్వాత పక్కన పెట్టిన ఆ మొదటి కోటే నా ఒంటి మీదికి వచ్చిందని నాకు అప్పుడు తట్టింది. అబ్లా మాత్రం చూడగానే గుర్తు పట్టింది.

 ఆ కుర్ర సైనికుడు పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. మిగతా వాళ్ళూ అంతే. ఆ నవ్వుల మధ్య అబ్లా నా దగ్గరికి వచ్చి, "సెల్యూట్ అట్లాగా కొట్టేది? మోచెయ్యి వంకర" అని తిట్టింది. నిజంగానే తిట్టింది, నటన కాదు. దాంతో ఆఫీసరు కూడా నవ్వేశాడు. దూరంగా బస్తాల వెనక ఉన్నవాళ్ళు చూడలేదని నా చేత మళ్ళీ చేయించారు. నా నటజీవితం ఆ రోడ్డు మీదే మొదలై ఆ రోడ్డు మీదే ముగిసింది.

ఆఫీసరు వంగి ఆ బట్టను తీసి బటన్లు, కుట్లు తిప్పి తిప్పి చూశాడు. తాను కూడా పంతుల్నేనని, మళ్ళీ సైన్యంలోకి లాక్కొచ్చారని చెప్పాడు. తర్వాత పెట్టెలోంచి సముద్రకన్య గౌను తీశాడు. నీలం పట్టు, అంచుల్లో తళుకులు.

"నాకు ఏడేళ్ళ కూతురు ఉంది. ఇట్లాంటిది ఎప్పుడూ కొనివ్వలేదు. ఇది తీసుకుంటాను" అన్నాడు. అడగడం కాదు అది, చెప్పడం.

పోనీలే, ఒక్క గౌనుతో గండం గడిచిందని నేనూ భాయ్ ఊపిరి పీల్చుకున్నాం. ఇంతలో అబ్లా చెయ్యి చాచింది.

"అది నేను ఇవ్వలేను."

"అన్నా, ఈయమ్మ మనల్ని సంపుతాది" అని భాయ్ నా చెవిలో గొణిగాడు.

ఆఫీసరుకు మాట అర్థం కానట్టుంది. "నేను తీసుకుంటుంటే ఇవ్వలేనంటావా?"

"తీసుకుంటే నిన్ను ఆపలేను. తుపాకి నీ దగ్గరుంది. ఇవ్వమంటే మాత్రం ఇవ్వలేను, అది నాది కాదు. దాని సొంతదారులు వేరే ఉన్నారు. వాళ్ళకూ ఏడేళ్ళే. నువ్వు పంతులువి, నీకు నేను చెప్పాలా?"

ఆయన ముఖం ఎర్రబడింది. గౌను ఆయన చేతిలోనే ఉంది. సైనికుల నవ్వులు ఆగిపోయాయి. ఆ క్షణంలో అబ్లా మీద నాకు వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. అంత గౌరవం కూడా ఎవరి మీదా కలగలేదు. రెండూ ఒక్కసారే కలగడం ఎట్లాగని అడగకండి, కలిగాయి.

ఏం చేస్తున్నానో తెలియకుండానే వ్యానులోకి ఎక్కి నా సంచి విప్పాను. పసుపుపచ్చ గౌను తీసుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"సర్, ఇది నాది. నేను కొన్న గుడ్డ, నేను కుట్టింది. మా పాప కోసం. మీ పాపకు ఇయ్యండి."

ఆయన గౌను వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నీ కూతురు ఎంత ఉంటుంది?" అన్నాడు. నా నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. ఆయన కూడా గాలిలో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. రెండు చేతుల ఎత్తూ దాదాపు ఒకటే. ఆ చెయ్యి అట్లాగే కాసేపు ఉంచి, నీలం గౌనును అబ్లాకు తిరిగి ఇచ్చాడు. పసుపు గౌనును మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. థ్యాంక్స్ అనలేదు. "యల్లా, పొండి" అని డ్రమ్ము పక్కకు జరిపించాడు. గౌను లేని సంచి మూతి కట్టుకుని నేను వ్యాను ఎక్కాను.

 కబ్ద్‌లో పెట్టెలు దించుతుంటే అబ్లా దొడ్డి గోడ పక్కన నన్ను ఆపింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీ కూతురి గౌను ఎందుకిచ్చావు?"

"అది నాది కదా అబ్లా. నాది నేను ఇచ్చుకోవచ్చు."

 ఆమె అబాయా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని మేకల వైపు వెళ్ళిపోయింది.

ఆ శీతాకాలమంతా భాయ్, నేను ఆ దొడ్డిలోనే మేకలతో, రాజులతో, సముద్రకన్యలతో కలిసి బతికాం. పాలకు లోటు లేదు. యుద్ధం ముగిసేనాటికి, ఇరాక్ వాళ్ళు తగలబెట్టిపోయిన నూనె బావుల పొగకు తెల్ల బట్టలన్నీ బూడిద రంగుకు తిరిగాయి. ఎన్నిసార్లు ఉతికినా చందమామ మాత్రం కొంచెం నల్లగానే మిగిలాడు. మిస్రీ మాస్టరు కత్తెరతో సహా తిరిగొచ్చి, మేము మడతలు సరిగా పెట్టలేదని పేచీ మొదలుపెట్టాడు. ఆయన్ని చూసి నేను ఏడ్చినంత పని చేశాను. కాలిన బడులకు ఇంకా సున్నాలు వేస్తుండగానే మాకు కొత్త మిషన్లు మంజూరయ్యాయి. ఊరంతా ఇంత పాడైపోయి ఉంటే ముందు నాటకాలకా అని ఎవరో పెద్దమనిషి అన్నాడట. అబ్లా ఆయన ఆఫీసుకే పోయి వచ్చింది. ఏం మాట్లాడిందో తెలియదు, ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను ఇంటికి బయల్దేరే ముందు ఒక శుక్రవారం, సెలవు రోజు, అబ్లా వర్క్‌షాపుకు రమ్మంది. పోయేసరికి నా మిషను ముందు కూర్చుని ఉంది. చేతిలో పసుపుపచ్చ గుడ్డ. బజారులో సొంత డబ్బులతో కొనుక్కొచ్చిందట.

"నీ కూతురు ఇప్పుడెంత ఎత్తు?"

"చూసి చాలా కాలమైంది అబ్లా. ఇంత ఉంటుందేమో" అని చెయ్యి పెట్టి చూపించాను. "మీకెందుకు, ఇట్లా ఇయ్యండి, నేను కుట్టుకుంటా."

"నోరు మూసుకుని కూర్చో. నేనే కుట్టాలి."

జన్మలో ఆమె సూది పట్టగా నేను చూడలేదు. నవ్వు ఆపుకోలేక, "మిషను సర్కారుది కదా అబ్లా, నా కూతురి గౌను కుట్టొచ్చా?" అన్నాను. తమాషాకే అన్నాను. ఆమె మిషను చక్రం మీద నుంచి చెయ్యి తీసేసింది.  లేచి, హ్యాండ్‌బ్యాగులోంచి సూది, దారం తీసి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చేత్తోనే మొదలుపెట్టింది. సూది వేలికి గుచ్చుకుంటే ఒకసారి, దారం ముడిపడితే ఒకసారి నన్నే తిట్టింది. సాయంత్రానికి పూర్తి చేసింది.

ఇంటికి తెచ్చి మా ఆవిడ చేతిలో పెడితే వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది.

"ఇదేం కుట్టయ్యా! ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. ఎవురు కుట్టింది, నువ్వేనా? ఇప్పి మల్లా కుట్టు, ఊర్లో నగుతారు."

ఎక్కడైనా వంకర కుట్టు కంటపడితే నా చెయ్యి ఊరుకోదు. పెళ్ళిళ్ళలో పక్కవాడి చొక్కా కాలరు కూడా సర్దుతాను. ఆ గౌను జోలికి మాత్రం పోలేదు. మా పాప దాన్ని పొట్టిదయ్యేదాకా తొడుక్కుంది.